బిడ్డ యిల్లు మారినప్పుడు భరణ మెట్లు?

(కినత్తుకడవు తెలుగు కుటుంబముల కూటమియందు చేసిన ప్రసంగము)



మన కూటములయందు సాధారణముగా భాషను గూర్చియు, పిల్లల చదువును గూర్చియు మాటలాడుకొందుము. నేడు కొంత చేదైన విషయము నెత్తుకొనుచున్నాము. భార్యాభర్తలు వేరుపడిన సంసారమున, తల్లి యొద్ద పెరుగు బిడ్డ కొన్ని నెలలు మాత్రము తండ్రి యొద్దకు వచ్చినచో, కోర్టు విధించిన నెలభరణ మేమి కావలెను? ఈ ప్రశ్నకు ఒకప్పుడు మేము చెప్పిన జవాబు తప్పైనది. కావుననే దీనిని గూర్చి మాటలాడుట మా విధి యని తలంచుచున్నాము.

పేర్లు చెప్పము. మనవారిలో ఒక టమాటా వ్యాపారి. భార్య యిద్దరు బిడ్డలతో పొల్లాచిలో అద్దె యింట నుండెను. నెలకు 6,000 రూపాయలు పంపవలెనని కోర్టు ఆజ్ఞ. ఆమెకు శస్త్రచికిత్స కావలసివచ్చి, బిడ్డలు నాలుగు నెలలు తండ్రి యింట నుండిరి. పెద్దలుగా కూర్చున్న మేము, "బిడ్డలు నీ యొద్దనే తినుచున్నారు గదా, ఈ నాలుగు నెలలు పంప నక్కరలేదు" అంటిమి. ఆమెయు తల యూపెను. కాగిత మేదియు వ్రాయలేదు.

బిడ్డలు తిరిగి వెళ్ళిన పిమ్మట మాటకు మాట పెరిగినది. 24,000 రూపాయల బకాయికి ఆమె అర్జీ పెట్టెను. అతడు మా యంగడికి వచ్చి, "మామా, మీ మాట వినియే గదా నిలిపితిని" అనెను. ఆమె నడుగబోగా, "అన్నగారూ, ఆ నాలుగు నెలల యింటి అద్దె యెవరు కట్టిరి? బడి రుసు మెవరు కట్టిరి? మీరు తిండిని మాత్రమే లెక్కించితిరి" అనెను. మాయొద్ద జవాబు లేకపోయెను. తుదకు అద్దెయు రుసుమును అతడిచ్చునట్లును, తక్కినది ఆమె విడిచిపెట్టునట్లును ఒడంబడిక వ్రాసి కోర్టున దాఖలు చేసిరి. కాని ఆ నడుమ ఆరు నెలలు బిడ్డలు తండ్రి ముఖము చూడలేదు. ఆ నష్టమును ఏ ఒడంబడిక తీర్చగలదు?

ఇక చట్టము సంగతి. మన పెద్దల మాటకు మనలో గౌరవమున్నది, ఉండవలెను. అయినను అది కోర్టు ఆజ్ఞను మార్పజాలదు. మారిన ఆజ్ఞ వచ్చువరకు పాత ఆజ్ఞయే నిలిచియుండును. మార్చుటకు దారి లేకపోలేదు. పూర్వము క్రిమినల్ ప్రొసీజర్ కోడు 127వ సెక్షను క్రింద అడిగెడివారు. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 146వ సెక్షను. పరిస్థితులు మారినవని ఋజువైనచో భరణమును హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. 1955 నాటి హిందూ వివాహ చట్టము 26వ సెక్షను క్రింద బిడ్డల సంరక్షణ, పోషణ, విద్యలను గూర్చిన ఆజ్ఞలను కోర్టు మార్పనువచ్చును, కొంతకాలము నిలుపనువచ్చును. 1956 నాటి దత్తత, పోషణ చట్టము బిడ్డలను పోషించు బాధ్యతను తండ్రిపైనను తల్లిపైనను గూడ నుంచినది. స్త్రీలకును పిల్లలకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టము వలన కలదు. కాబట్టి ఖర్చునకు వెఱచి ఎవరును వెనుదీయ నక్కరలేదు.

మనలో ననేకులము వ్యాపారులము. సరుకు తిరిగి వచ్చినదని చిట్టాలో పద్దును కొట్టివేయుదుమా? తేదీతో మరియొక పద్దు వ్రాయుదుము. ఇచటను అట్లే చేయవలెను. బిడ్డ వచ్చిన తేదీ, తిరిగి వెళ్ళవలసిన తేదీ, ఆ నడుమ ఏ ఖర్చు ఎవరిదో తెలిపి ఇరువురు సంతకములు చేయవలెను. ఆ కాగితముతో వెంటనే కోర్టున దరఖాస్తు పెట్టవలెను. ఆజ్ఞ వచ్చువరకు సొమ్ము నిలుపరాదు. బ్యాంకు ద్వారా పంపి రసీదు దాచవలెను. తిండి ఖర్చు ఇల్లు మారును గాని, అద్దెయు బడి రుసుమును మారవని మఱువరాదు. బిడ్డ తిరిగి వెళ్ళిననాడు పూర్వపు మొత్తము మరల నారంభమగునని ముందే వ్రాసికొనవలెను.

తల్లులకును ఒక మాట. బిడ్డ నిజముగా తండ్రి యొద్దనే తిని, అచటనుండియే బడికి పోవుచుండగా, ఆ వ్యయమును లెక్కలోనికి తీసికొనుమని అతడడుగుట అన్యాయము కాదు. ఈ సొమ్ము భార్యకు భర్త యిచ్చు దండుగ కాదు, బిడ్డ సొమ్ము. బిడ్డ యే యింట నున్నను అది బిడ్డ అవసరమునకే చేరవలెను.

ఇకమీదట ఇట్టి తగవు మా యెదుటికి వచ్చినచో, మేము మొదట అడుగునది కాగితమును కలమును. నోటిమాటతో తీర్పు చెప్పమని ఈ సభాముఖమున మాట యిచ్చుచు, సెలవు తీసికొనుచున్నాము.