ఓడ దిగి చేపల రేవుకి: విశాఖలో ఒక పూట

పోయిన ఎపిసోడ్‌లో చెన్నైలో ఓడ ఎక్కిన సంగతి, గది, భోజనాలు అన్నీ చెప్పాను. ఈసారి ఆ ఓడ విశాఖపట్నంలో ఆగిన రోజు గురించి. ముందే ఒక మాట. ఈ ఎపిసోడ్‌లో దృశ్యాలు తక్కువ, నా మొహం ఎక్కువ కనిపిస్తుంది. ఎందుకో మధ్యలో చెప్తాను.

ఓడ పొద్దున్న రేవుకి చేరింది. 2023 సెప్టెంబరులో కొత్త క్రూజ్ టెర్మినల్ ప్రారంభించారు కదా, అక్కడే దిగాం. మాతో వచ్చినవాళ్ళలో చాలామంది కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం అంటూ బయల్దేరారు. అవి నేను చూసినవే. మాది నిజామాబాద్ వైపు. మాకు చేప అంటే చెరువు చేప: బొచ్చె, రవ్వ, పండగ పూట కొరమీను. సముద్రం చేప ఒడ్డుకు ఎలా వస్తుందో ఎప్పుడూ చూడలేదు. ఆటో ఎక్కి ఫిషింగ్ హార్బర్‌కి పోనిమ్మన్నాను. డ్రైవర్ వెనక్కి తిరిగి, "ఆలీసం అయిపోనాది సార్, పాట తెల్లారకముందే మొదలవుద్ది" అన్నాడు. పాట అంటే వేలం పాట. అయినా తీసుకెళ్ళాడు.

ముందు డీజిల్ వాసన, ఆ తర్వాతే చేపల వాసన. మరబోట్లు ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని ఎంత దగ్గరగా కట్టి ఉన్నాయంటే, చివరి బోటు మనిషి ఒడ్డుకి రావాలంటే నాలుగైదు బోట్లు దాటుకుంటూ రావాల్సిందే. ఒక పక్క ఐసు దిమ్మల్ని మరలో వేసి పొడి చేస్తున్నారు. ఆ చప్పుడులో పక్కమనిషి మాట వినపడదు. కింద అంతా తడి. నేను చెప్పులు వేసుకుని వెళ్ళాను, తప్పు చేశాను. తోపుడు బండ్ల వాళ్ళు "తప్పుకోండి, తప్పుకోండి" అని అరుస్తూ వస్తారు. వాళ్ళ బండి ఆగదు, మనమే తప్పుకోవాలి.

అప్పటికి వేట మొదలై మూడు వారాలే అయింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు వేటకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలూ బోట్లకు మరమ్మతులు, రంగులు, వలలు బాగుచేసుకోవడం. తర్వాత గంగమ్మ తల్లికి పూజ చేసి బయల్దేరతారు. అందుకే నేను వెళ్ళినరోజు సందడి బాగా ఉంది.

ఇక వీడియో సంగతి. కానాగంతలు కుప్పగా పోసుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. నేను ఫోన్ ఎత్తగానే, "ఏటి బాబూ, కొంతావా, తీస్తావా?" అంది. కొంటానమ్మా అన్నాను. "అయితే ఆ పోను లోపలెట్టు" అంది. తర్వాత తనే చెప్పింది. పోయినేడు ఎవడో వచ్చి తీశాడట, ముక్కు మూసుకుని నవ్వుతూ. అది ఊరంతా తిరిగి, ఆమె మనవరాలి బడికీ చేరింది. "పిల్ల నాలుగు రోజులు బడికెళ్ళనంది" అంది, చేపల మీద ఐసు సర్దుతూనే.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే గేటు దగ్గర తీసిన క్లిప్పులో నేనూ వాసన మీద ఒక జోకు వేశాను, మీరు నవ్వుతారని. ఆమె ముందే మొత్తం తీసేశాను. ఆమె పెద్దగా పట్టించుకోలేదు లెండి, బేరం మీద ఉంది. ఉంటుంది మరి. పొద్దున్న వడ్డీవాడి దగ్గర 900 తెచ్చి పాటలో సరుకు పట్టుకుంటే, సాయంత్రానికి 1,000 కట్టాలట. ఎండ ముదిరేకొద్దీ చేప ధర పడిపోతుంది, ఐసుకి మళ్ళీ ఖర్చు. ఆమెతో కబుర్లకి కూర్చున్న నేను నిజానికి ఆమె దుకాణానికి అడ్డం.

కిలో కానాగంతలు కొన్నాను. ఓడలోకి పచ్చి చేపలు రానివ్వరని కొన్నాక గుర్తొచ్చింది! ఆటో డ్రైవర్‌కి ఇస్తే నవ్వి తీసుకున్నాడు. సంచి ముడి చూసి, "బాగా ఏరి ఇచ్చింది" అన్నాడు. అతనికెలా తెలుసంటే, అతనూ ఒకప్పుడు బోటు మీద కళాసీ. బోటుకి ఏడెనిమిది మంది, పది పన్నెండు రోజులు నీళ్ళమీదే. అమ్మిన డబ్బులోంచి డీజిలు, ఐసు, రేషను తీసేసి, ఓనరు వాటా పోగా మిగిలింది సరంగు, కళాసీలు పంచుకుంటారు. చేప పడకపోతే అన్ని రోజులూ వృథా.

2023 నవంబరు 19 రాత్రి ఆ హార్బర్‌లో నిప్పంటుకుని దాదాపు 40 బోట్లు కాలిపోయిన సంగతి మీరు టీవీలో చూసే ఉంటారు. ఇతను పనిచేసే బోటు అందులో ఒకటి. బోట్ల నిండా డీజిలు, వంట గ్యాసు సిలిండర్లు, పైగా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, ఇంక ఆగుతుందా? పరిహారం ఓనరుకి వస్తుంది, కళాసీకి ఏమొస్తుంది అన్నాడు. నేను అడగలేదు, తనే అన్నాడు. ఆర్నెల్లు చూసి ఆటో అద్దెకి తీసుకున్నాడట. మళ్ళీ వేటకి వెళ్తావా అంటే, "ఈ చేపలు చూస్తే వెళ్ళాలనిపిస్తాది" అని ఊరుకున్నాడు.

మీరెవరైనా వెళ్తే తెల్లారకముందే వెళ్ళండి, జారని బూట్లు వేసుకోండి, ఫోన్ తీసేముందు అడగండి. వద్దంటే వద్దు.

సాయంత్రం ఓడ కదిలినప్పుడు అందరం పైన నిలబడ్డాం. డాల్ఫిన్స్ నోస్ దాటుతుంటే ఒక మరబోటు మా పక్కనుంచే సముద్రంలోకి వెళ్ళింది, చాలా చిన్నగా కనిపించింది. మావాళ్ళు చేతులూపారు. బోటు మీద ఒకతను వల సర్దుతున్నాడు, తలెత్తలేదు.

రాత్రి భోజనంలో చేపల కూర పెట్టారు. ఏ చేప బాబూ అని వడ్డించే కుర్రాడిని అడిగితే, "ఫిష్ సార్" అన్నాడు.

సరేనండి, వచ్చే ఎపిసోడ్‌లో పుదుచ్చేరి. ఉంటాను మరి.