దత్తత ప్రయాణంలో దొరికిన పిల్లికూన

భారతీయ శిశువును దత్తత తీసుకోవడానికి 'కారా', అంటే కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ, ద్వారా హైదరాబాదు వచ్చిన విదేశీ దంపతులకు కాచిగూడ సందులో తల్లి కానరాని పిల్లికూన కనిపిస్తే, తల్లి తిరిగి వస్తుందేమోనని కొన్ని గంటలు దూరం నుంచి గమనించి, రాకపోతే ముందు వెచ్చదనం కల్పించి, ఆ తరువాతే పాలు పట్టాలి. ఎందుకంటే చల్లబడిన కూనకు పాలు జీర్ణం కావు. అయితే ఆవుపాలు పట్టకూడదు, అవి విరేచనాలు కలిగిస్తాయి. చికిత్సకు నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది.

ఆ కూనను ఐరోపా సమాఖ్య దేశాలకు తీసుకువెళ్లాలంటే మైక్రోచిప్, అంటే చర్మం కింద అమర్చే గుర్తింపు పరికరం, 12 వారాలు నిండాక రేబిస్ టీకా, 30 రోజులకు రక్తపరీక్ష, ఆపై మూడు నెలల నిరీక్షణ తప్పవు. అంతకాలం ఆ మూగప్రాణిని సాకగల ఇరుగుపొరుగువారు దయచేసి ముందుకు రావాలి.