సంతకంతో చదువు ఆగదు



ఈ రోజు మీకు చాలా దూరపు ఊరి ముచ్చట చెబుతాను. గ్రీసు అనే దేశం ఉంది. అక్కడ ఏథెన్సు అనే పట్నం ఉంది. ఇది సుమారు 2400 ఏళ్ల కిందటి మాట.

ఆ పట్నంలో మగపిల్లవాడికి ఏడేళ్లు వస్తే చదువుకు పంపేవారు. వాడి పలక చెక్కది. దానిమీద మైనం పూసి ఉండేది. సన్నని పుల్లతో ఆ మైనం మీద అక్షరాలు గీసేవాడు. తప్పు పోతే పుల్ల రెండో కొసతో నున్నగా చెరిపేవాడు. మన పలక లాంటిదే!

అక్షరాలు ఒక్కటే కాదు. ఒక గురువు చదువు చెప్పేవాడు. ఇంకొకాయన వాద్యం, పాట నేర్పేవాడు. మరొకాయన కుస్తీ పట్టించేవాడు. ఒళ్లు గట్టిపడాలి. మనసు కుదురుకోవాలి. నలుగురిలో నోరు విప్పి మాట్లాడాలి. మనిషిని ఇలా అన్ని విధాలా తీర్చిదిద్దడాన్ని వాళ్లు 'పైదేయా' అన్నారు.

మంచి ఆలోచనే! కానీ అది ఎవరికి దక్కింది?

పిల్లవాణ్ణి రోజూ బడికి తీసుకుపోయేది ఒక బానిస. ఆ చదువు బానిస కోసం కాదు. మరి ఆడపిల్ల? ఇంట్లో ఉన్ని వడికేది, బట్ట నేసేది. చిన్న వయసులోనే పెళ్లి చేసేవారు. ఊరి సభలో ఆమెకు ఓటు లేదు, మాట లేదు. స్పార్టా అనే మరో పట్నంలో ఆడపిల్లలకు పరుగు, కుస్తీ నేర్పారు. ఎందుకు? బలమైన పిల్లల్ని కంటారని!

ఏథెన్సులోనే ప్లేటో అనే జ్ఞాని ఉండేవాడు. ఆయన తన పుస్తకంలో ఒక పోలిక చెప్పాడు. కాపలా కుక్కల్లో ఆడదీ మగదీ కలిసే కాపలా కాస్తాయి కదా! పిల్లల్ని కంటుందని ఆడదాన్ని ఇంట్లో కట్టెయ్యం కదా! అలాగే రాజ్యాన్ని కాపాడే పనికి ఆడవాళ్లూ తగినవాళ్లే. పని ఒకటైతే చదువూ ఒకటే ఉండాలి అన్నాడు.

ఆయన బడిలో లాస్తేనియా, ఆక్సియోతియా అనే ఇద్దరు ఆడవాళ్లు చదివారని పాత గ్రంథాలు చెబుతున్నాయి. ఆక్సియోతియా మగవాళ్ల బట్టలు వేసుకునేదట. ఎందుకై ఉంటుంది? మీరే ఆలోచించండి.

మనం వేషం మార్చలేదు. మన చీరతోనే, మన పేరుతోనే పుస్తకం పట్టాం. సంతకం వచ్చింది, ఇక చాలు అనకండి. సంతకం గుమ్మం లాంటిది. గుమ్మంలోనే నిలబడితే ఇల్లు చూసినట్టా?

'పైదేయా' అనే మాట పిల్లవాడు అనే మాటలోంచి పుట్టింది. మనం పిల్లల్ని కన్నాక మొదలుపెట్టాం. అయితేనేం? చదువుదాం. పాడుదాం. తెలియనిది అడుగుదాం. గ్రామసభలో లేచి మాట్లాడదాం.