వేగం ఎక్కడ పోతోంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు అక్కడ చేసే పనేమిటో అందరికీ అర్థమయ్యేలా ఇరవై నిమిషాలు చెప్పు" అన్నారు. నేను దాదాపు ముప్ఫై ఏళ్లుగా పడవల ఇంజన్ల రంగంలో ఉన్నాను. ఇప్పుడు ఉంటున్నది ఫ్లోరిడాలో, టాంపా బే దగ్గర. అమెరికా అనగానే అందరూ సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. "ఏం పని బాబూ?" అని అడిగి, "పడవలండీ" అని నేనంటే, "అంత చదువూ చదివి పడవలా?" అని జాలిపడిన పెద్దలు ఈ సభలోనే ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లకు కూడా ఈ రోజు జవాబు చెప్పుకునే అవకాశం వచ్చింది.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చే కోరిక ఒక్కటే. "పడవ ఇంకా వేగంగా పోవాలి." సరుకు మోసే పడవలు కావు, చేపల పడవలూ కావు. ముప్ఫై అడుగుల పొడవు, కత్తిలాంటి ముక్కు, లోపల రెండు పెద్ద ఇంజన్లు, వెనక రెండు ప్రొపెల్లర్లు. వాటిని సరదా కోసం నడుపుతారు. అన్నీ చెప్పే సమయం లేదు కాబట్టి ఒక్క పడవ సంగతి చెబుతాను.

దాని యజమాని ప్లంబింగ్ కాంట్రాక్టులు చేసి రిటైరైన మనిషి. అరవై దాటాయి. ఆయన పడవలో ఒక్కొక్కటి 500 హార్స్‌పవర్ ఉన్న రెండు ఇంజన్లున్నాయి. పడవ గంటకు 77 మైళ్లు, అంటే 124 కిలోమీటర్లు పోతోంది. ఆయనకు 90 మైళ్లు కావాలి. ఉన్న ఇంజన్లు తీసేసి పెద్దవి పెట్టిద్దామని, దానికోసం ఇంటిమీద అప్పు తీసుకోవడానికి కాగితాలు కూడా సిద్ధం చేసుకున్నాడు. ఆయన భార్య నన్ను పక్కకు పిలిచి ఒకటే అడిగింది: "ఈ అప్పు చేస్తే ఆ వేగం నిజంగా వస్తుందా?" ఇంజనీరును అడగాల్సిన ప్రశ్న అదే.

ముందు లెక్క చూద్దాం. ఇలాంటి పడవలకు క్రౌచ్ సూత్రం అని ఒకటుంది. బలాన్ని బరువుతో భాగించి, దానికి వర్గమూలం తీస్తే, వేగం సుమారుగా ఆ నిష్పత్తిలో ఉంటుంది. వర్గమూలం అన్న మాట దగ్గరే అసలు కిటుకుంది. వేగం 77 నుంచి 90కి పెరగాలంటే, అంటే 17 శాతం పెరగాలంటే, బలం దాదాపు 37 శాతం పెరగాలి. 1,000 హార్స్‌పవర్ ఉన్నచోట 1,370 కావాలి. అదీ కొత్త ఇంజన్లు పాతవాటి కంటే బరువు ఉండకపోతేనే. బలం డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. కానీ కొన్నదాంట్లో సగమే వేగంగా చేతికొస్తుంది.

ఇది ఇప్పటి సంగతి కాదు. 1931లో అమెరికాలో గార్ వుడ్ అనే ఆయన రెండు ప్యాకార్డ్ ఇంజన్ల 'మిస్ అమెరికా 9' పడవతో మొదటిసారి గంటకు 100 మైళ్లు దాటాడు. మరుసటి ఏడాది 'మిస్ అమెరికా 10'లో నాలుగు ఇంజన్లు పెట్టాడు. మొత్తం 6,400 హార్స్‌పవర్. వేగం 124 మైళ్ల పైచిలుకు వచ్చింది. అప్పుడు ఇంగ్లండ్‌కు చెందిన మాల్కం క్యాంప్‌బెల్ ఒకే ఒక్క రోల్స్ రాయిస్ ఇంజనుతో 1937లో ఆ రికార్డు దాటాడు. ఆ ఇంజను బలం గార్ వుడ్ ఇంజన్ల మొత్తంలో సగం కూడా లేదు. 1939లో అదే రకం ఇంజనును కొత్త ఆకారంలో కట్టిన పడవలో పెట్టి, కోనిస్టన్ సరస్సులో 141 మైళ్లు దాటించాడు. పడవ అడుగు ముందు రెండుచోట్ల, వెనక ఒకచోట మాత్రమే నీటిని తాకేలా చేశారు. నీటికి తగిలే భాగం తగ్గించారు, వేగం దొరికింది.

అందుకని ఆ పెద్దమనిషితో, "ఇంజన్ల మాట నెల రోజులు పక్కన పెట్టండి. ఉన్న 1,000 హార్స్‌పవర్ ఎక్కడెక్కడ పోతోందో ముందు వెతుకుదాం" అన్నాను.

వెతకాలంటే కొలత కావాలి. పడవలోని స్పీడు మీటరును నమ్మం. జీపీఎస్‌తో కొలుస్తాం. గాలి, ప్రవాహం ఒకవైపు సాయం చేస్తాయి, రెండోవైపు అడ్డుపడతాయి కాబట్టి ఒకే దారిలో అటూ ఇటూ రెండు పరుగులు తీసి సగటు చూస్తాం. ప్రపంచ రికార్డులకూ అదే పద్ధతి. ప్రతి పరుగుకీ ట్యాంకులో పెట్రోలు ఒకే మట్టంలో ఉండాలి, మనుషులు అంతమందే ఉండాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

మొదట ఇంజన్లు రెండూ సమానంగా పనిచేస్తున్నాయా అని చూశాం. రెండు ఎద్దుల బండి నడిపిన వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక ఎద్దు వెనకబడితే రెండోది బండితో పాటు దాన్నీ లాగాలి. డాష్‌బోర్డు మీది మీటర్లు రెండూ ఒకే అంకె చూపించినా నమ్మకుండా, ఒకే పరికరంతో రెండింటినీ కొలిచాం. కుడి ఇంజను కొంచెం వెనకబడుతోంది. మూత తీసి చూస్తే, లివరు పూర్తిగా తోసినా ఆ ఇంజనులోకి గాలి వెళ్లే ద్వారం పూర్తిగా తెరుచుకోవడం లేదు. కేబులు సర్దాం. పది నిమిషాల పని. 77 కాస్తా 78 అయింది.

తరవాత బరువు. పడవను ట్రైలరుతో సహా లారీల కాటా మీదికి ఎక్కించాం. ట్రైలరు బరువు తీసేస్తే, ఆయన చెప్పిన దానికంటే 600 పౌండ్లు, అంటే 270 కిలోలు ఎక్కువుంది. వాడని లంగర్లు, పనిముట్ల పెట్టెలు, ఏళ్లుగా అరల్లో పడున్న సామాన్లు 250 పౌండ్లు తేలాయి. మిగతాది ఎక్కడ? నేల కింద నింపిన ఫోమ్ నీళ్లు పీల్చి బరువెక్కింది. పాడైనంత మేరా తవ్వి తీసి కొత్తది నింపాం. 600 పౌండ్లు తగ్గితే సుమారు మూడు మైళ్లు పెరగాలని సూత్రం చెబుతుంది. నీళ్లలో 81 వచ్చింది. లెక్క అంత దగ్గరగా కలిసిన రోజున ఇంజనీరుకు అన్నం సహిస్తుంది.

ఆ తరవాత అడుగు. మన గోదావరి రేవుల్లో పడవను గట్టుకెక్కించి, అడుగు గీకి, తారు పూయడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఫైబర్ పడవకైనా అడుగే ప్రాణం. వెనక చివర నాలుగు అడుగుల మేర ఒక తిన్నని బద్ద ఆనించి, సందులో వెలుతురు కనిపిస్తోందా అని చూస్తాం. అక్కడ చిన్న పల్లం ఉంటే, వేగం మీద పోతున్నప్పుడు నీళ్లు పడవ వెనకభాగాన్ని పైకి లేపుతాయి, ముక్కు కిందికి వంగుతుంది. ముక్కు వంగితే ఎక్కువ భాగం నీటికి రాసుకుంటుంది. ట్రైలరు దుంగలు సరిగా ఆనకపోతే ఏళ్ల తరబడి నిలబెట్టిన పడవకు ఇలాంటి పల్లం పడుతుంది. దీనికీ పడింది. పూత పెట్టి, గీకి, తిన్నగా చేశాం. ఇంకో మైలు వచ్చింది.

ఇక్కడ ఒక కొత్త ఇబ్బంది ఎదురైంది. అడ్డు తగ్గేసరికి ఇంజన్లు తేలికై, తయారీదారు పెట్టిన 5,200 చుట్ల పరిమితిని తాకుతున్నాయి. ఇప్పుడు ప్రొపెల్లరు గురించి చెప్పాలి.

చెక్కలో మేకు మర తిప్పినట్టు ప్రొపెల్లరు నీటిలో తిరుగుతుంది. ఒక చుట్టుకు ఎంత ముందుకు పోవాలో ఆ దూరాన్ని పిచ్ అంటారు. ఆయన ప్రొపెల్లర్ల పిచ్ 28 అంగుళాలు. మొదట్లో ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుంటే, మధ్యలో గేరు దాన్ని ఒకటిన్నర వంతు తగ్గించి ప్రొపెల్లరును 3,333 చుట్లు తిప్పేది. గుణించి చూస్తే గంటకు 88 మైళ్లు పోవాలి. పోయింది 77. నీళ్లు చెక్కలా గట్టిగా ఉండవు కాబట్టి కొంత జారుతుంది. దాన్ని స్లిప్ అంటారు. ఇక్కడ అది 13 శాతం. కొంత జారకుండా ప్రొపెల్లరు అసలు నెట్టలేదు కాబట్టి దాన్ని సున్నా చేయలేం. ఇంజను చుట్లు పరిమితిని తాకుతున్నప్పుడు చుట్టుకు ఎక్కువ దూరం పోయే ప్రొపెల్లరు పెట్టాలి. 30 అంగుళాలవి బిగించాం. ఈ పని మొదటే చేసి ఉంటే బరువు లాగలేక ఇంజన్లు కుంగేవి. ఏ పని ముందు, ఏది వెనక అన్నది కూడా ఇంజనీరింగే.

చివరగా డ్రైవ్‌లు. ఇంజను పడవలోనే ఉంటుంది. వెనక గోడకు బయట కాలులాంటి డ్రైవ్ నీళ్లలోకి దిగి, ప్రొపెల్లరును మోస్తుంది. ఆ కాలే పెద్ద అడ్డు. దాని కింది భాగం తీసి రెండు అంగుళాలు పొట్టిది పెట్టాం. మరీ పైకి తెస్తే ప్రొపెల్లరు గాలి పీలుస్తుంది. ఇంజనును చల్లబరిచే నీళ్లు కూడా ఆ కాలి నుంచే పైకి వెళతాయి కాబట్టి నీటి ఒత్తిడి మీటరు మీద ఒక కన్ను ఉంచాలి. రెండు డ్రైవ్‌లూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో ముందూ వెనకా టేపుతో కొలిచి, మధ్యలో ఉండే కడ్డీతో సరిచేశాం. కారు చక్రాలకు అలైన్‌మెంట్ చేసినట్టే.

అన్నీ అయ్యాక అటూ ఇటూ పరుగుల సగటు 85 మైళ్లు. చుట్లు 5,100. స్లిప్ 12 శాతం. ఇంజన్లలో ఒక్క పిస్టన్ కూడా మార్చలేదు. ఈ ఎనిమిది మైళ్లు బలంతో కొనాలంటే 200 పైన హార్స్‌పవర్ కావలసి వచ్చేది. ఇంటి అప్పు కాగితాలు ఆయన చించేశాడు.

కానీ ఆయన అడిగింది 90. ఆ ఐదు మైళ్ల దగ్గరే అసలు మాట వచ్చింది. 85 దగ్గర పడవ నీటి మీద ఎంత తక్కువ భాగం ఆనుకుని పోతుందంటే, ఎడమకూ కుడికీ ఒరగడం మొదలెట్టింది. ఆ ఊపు ఒక్కోసారికి పెరుగుతూ పోతుంది. సమయానికి వేగం తగ్గించకపోతే పడవ తిరగబడుతుంది. రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. బయటివైపు తిరిగేవాటిని లోపలివైపుకు మార్చితే కొన్ని పడవల్లో ఒకటి రెండు మైళ్లు వస్తాయి, నిలకడ తగ్గుతుంది. ఆయన అది చేద్దామన్నాడు. నేను వద్దన్నాను.

మాల్కం క్యాంప్‌బెల్ కొడుకు డోనాల్డ్ 1967 జనవరి 4న అదే కోనిస్టన్ సరస్సులో 300 మైళ్ల సగటు కోసం రెండు పరుగులు మొదలుపెట్టాడు. మొదటిది 297 దాటింది. తిరుగు పరుగులో పడవ ముక్కు గాలిలోకి లేచి తలకిందులైంది. ఆయన బతకలేదు. ఆయన నేర్పులేని మనిషి కాడు. అంతకుముందు ఏడుసార్లు నీటి మీద రికార్డు స్థాపించినవాడు.

మా పెద్దమనిషికి నేను చూపింది ఇంకో చిన్న లెక్క. 77 నుంచి 85కి వేగం పెరిగింది 10 శాతమే. దెబ్బ తగిలితే శరీరం మోయాల్సిన శక్తి పెరిగింది 22 శాతం. వేగంలో వర్గమూలం మన జేబును ఏడిపిస్తే, శక్తిలో వర్గం మన ఎముకలను ఏడిపిస్తుంది. నడిపే మనిషి నీళ్లలో పడితే ఇంజను ఆగిపోయేలా తాడు తగిలించుకోవాలని అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి చట్టం ఉంది. కానీ అది 26 అడుగుల లోపు పడవలకే. ఈయన పడవ అంతకంటే పెద్దది. చట్టం అడగకపోయినా తాడు తగిలించుకుంటానని భార్య ముందు మాటిచ్చాడు. 85 దగ్గర ఆగిపోయాడు. నాకు ఆ ఎనిమిది మైళ్ల కంటే ఆ ఆగడమే ఎక్కువ సంతోషం కలిగించింది.

ఇక్కడున్న పిల్లలకు ఒక మాట. నేను చేసిన దాంట్లో పెద్ద చదువు ఏమీ లేదు. వర్గమూలం బడిలో నేర్చుకున్నదే. గతిశక్తీ అంతే. ప్రయోగం రికార్డు పుస్తకంలో రీడింగులు మూడుసార్లు తీసుకుని సగటు రాయకపోతే మా ఫిజిక్స్ మాస్టారు పుస్తకం విసిరేసేవారు. యూనిట్ రాయకపోతే జవాబు సరైనా మార్కు వేసేవారు కాదు. మాకు అప్పుడు చాదస్తం అనిపించింది. ఫ్లోరిడాలో ఒక ఇల్లు తాకట్టు పడకుండా ఆపింది ఆ చాదస్తమే. మాస్టారూ, మీరు ముందు వరుసలోనే ఉన్నారు, మీకు నమస్కారం.

మన బడి ల్యాబులో నిన్న చూశాను. త్రాసులు తుప్పు పట్టాయి, వెర్నియర్ కాలిపర్లు రెండే మిగిలాయి. మా బ్యాచ్ తరఫున ముప్ఫై మంది ఒకేసారి ప్రయోగం చేసుకునేలా కొలత పరికరాలన్నీ కొత్తవి ఇస్తున్నాం. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా అమరుస్తాం. మిగతా బ్యాచ్‌ల వాళ్లు కెమిస్ట్రీ ల్యాబ్ సంగతి చూడాలని కోరుతున్నాను.