షుగర్ బయటపడక ముందే మేల్కొందాం



గిట్టుబాటు ధర, సాగునీటి గురించి చర్చించే మన సభలో ఈసారి షుగర్ జబ్బు గురించి మాట్లాడుతున్నాం. కారణం ఉంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారు. ఇది పట్నం జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు అనుకునే రోజులు పోయాయి.

జబ్బు ఎలా మొదలవుతుందో మన కాలువ భాషలోనే చెప్పుకుందాం. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో పారుతుంది. అది కాలువ నీరు. కండరాలు, కాలేయం మన పొలాలు. తూము తలుపు ఎత్తే లస్కరు ఇన్సులిన్. తలుపు తుప్పు పట్టి బిగుసుకుంటే ఒక్క లస్కరు చాలడు. ఇద్దరు, ముగ్గురు కావాలి. క్లోమం కూడా అలాగే ఎక్కువెక్కువ ఇన్సులిన్ పంపుతుంది. దీన్నే ఇన్సులిన్ నిరోధకత అంటారు. ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. అప్పటికి పరీక్షలో చక్కెర మామూలుగానే కనిపించవచ్చు. చివరికి క్లోమం అలసిపోతుంది, చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది.

ఆ తుప్పు ఎక్కడిది? చాలామందిలో పొట్ట కొవ్వు నుంచి. అక్కడి కణాలు ఉబ్బితే రోగనిరోధక కణాలు చేరి, గాయమేమీ లేకపోయినా సన్నని సెగలాంటి వాపును రగిలిస్తాయి. అందులో పుట్టే రసాయనాలు ఇన్సులిన్ మాట కండరాలకు చేరనివ్వవు. అలాంటి ఒక రసాయనాన్ని 1993లో అమెరికా శాస్త్రవేత్తలు బాగా లావెక్కిన ఎలుకల కొవ్వులో కనుగొన్నారు. మన దేశంలో సన్నగా కనిపించేవారికీ పొట్ట కొవ్వు ఉంటుంది. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ పల్లెల్లో మన పని మారింది. కోతకు యంత్రం వచ్చింది, పొలానికి మోటారు సైకిలు వచ్చింది. పళ్లెంలో పాలిష్ బియ్యపు అన్నం మాత్రం తగ్గలేదు. వరి కోశాక మినుములు, పెసలు పండించేది మనమే, పండించి అమ్మేస్తున్నాం.

షుగర్ ముదిరితే అరికాలికి స్పర్శ తెలియదు. బురదలో దిగిన ముల్లు పుండై, కాలు తీసేదాకా పోవచ్చు. కాలు పోయిన కౌలురైతుకు పొలం ఎవరిస్తారు?

అయితే గుమ్మంలోనే ఆపవచ్చు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన అధ్యయనంలో, ఆహారం, నడక మార్చుకున్నవారిలో షుగర్‌గా మారే ముప్పు 28.5 శాతం తగ్గింది. పరగడుపు చక్కెర 100 నుంచి 125 మధ్య ఉంటే అది హెచ్చరిక. 126 గానీ అంతకు మించి గానీ ఉంటే మరోసారి పరీక్షించి నిర్ధారించుకోవాలి. మందులు వాడేవారు డాక్టరు చెప్పకుండా మానవద్దు.

30 ఏళ్లు దాటిన వారందరికీ పరీక్ష చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. అది నాగాయలంక, కోడూరు మండలాల చివరి ఊళ్ల దాకా చేరాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు నిల్వ ఉండాలి. మన మినుములు, పెసలు మద్దతు ధరకు కొని, చౌక దుకాణాల్లో బియ్యంతోపాటు ఇవ్వాలి. ఈ మూడు కోర్కెలపై ప్రతి గ్రామ శాఖ తీర్మానం చేసి పంపాలని కోరుతున్నాం.