సంతాన చికిత్స - ఇస్లాము ధర్మనిర్ణయము

వార్ధక్యమున బిడ్డకై జకరియ్యా ప్రవక్త చేసిన ప్రార్థనను ఖురాను ఆదరముతో స్మరించినది. సంతానకాంక్షతో వైద్యు నాశ్రయించుట దోషము కాదు. 1978లో ఇంగ్లండున తొలి పరీక్షనాళికా శిశువు జన్మించిన రెండేండ్లకే, ఈజిప్టు మహాముఫ్తీ జాదుల్ హఖ్, భర్త బీజమును భార్య అండముతో గాజుపాత్రలో సంయోగపరచి ఆమె గర్భముననే నిలుపుట ధర్మసమ్మతమనియు, పరుల బీజము గాని అండము గాని స్వీకరించుట వంశమును సంకరపరచును గావున నిషిద్ధమనియు ఫత్వా నొసగెను. ఆ శంక సహేతుకమే. వారసత్వము చాలవరకు వంశమును బట్టియే గదా నిర్ణయమగును! భర్త గతించిన పిమ్మట, దాచియుంచిన పిండమును వాడరాదని పెక్కుమంది సున్నీ పండితుల మతము. షియాలు అధికముగా గల ఇరానులో మాత్రము 1999లో సర్వోన్నత నేత ఆయతుల్లా ఖమేనీ దాతల సాయమునకు షరతులతో అనుమతింపగా, 2003లో అచ్చటి పార్లమెంటు, దంపతులు దంపతులకు చేయు పిండదానమును చట్టబద్ధ మొనర్చినది.