కనుమలు ఎక్కే ఇంజిన్లు

ఏటవాలు పట్టాల మీద ఇంజిన్‌కు బలంతో పాటు పట్టు కావాలి. ఒకప్పుడు బొగ్గు గనుల దగ్గర తిరిగిన ట్యాంక్ ఆవిరి ఇంజిన్లు నీళ్లనూ బొగ్గునూ తమ మీదే మోసేవి. ఆ బరువు చక్రాలను పట్టాలకు అదిమిపట్టేది.

విశాఖ రేవుకు బైలదిల్లా ఇనుప ఖనిజం తెచ్చే కొత్తవలస–కిరండూల్ మార్గానిదీ ఇదే సమస్య. 1960లలో వేసిన ఈ దారి తూర్పు కనుమల్లో 60 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కుతుంది. ఈ దారిలోని సిమిలిగూడ స్టేషన్ సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది.

అందుకే ఇంజిన్లను జతకట్టి నడుపుతారు. 1980ల చివర్లో స్వీడన్, జపాన్‌ల నుంచి 6,000 హార్స్‌పవర్ కరెంటు ఇంజిన్లు తెప్పించారు.

దిగడమూ కష్టమే. ఖనిజం నిండిన బండి కొండ దిగేటప్పుడు మోటార్లే జనరేటర్లుగా మారి వేగాన్ని అదుపు చేస్తాయి. పాత ఇంజిన్లలో అలా పుట్టిన కరెంటు వేడిగా మారి గాలిలో కలిసిపోయేది.